తీగలేని రక్తపోటు యంత్రము

మణికట్టుపై వ్రేళ్ళుంచి నాడి చూచుట శార్ఙ్గధర సంహితనాటినుండి మనకున్నది. నేడు మునేరు ఒడ్డున కీసరలోనున్న తల్లి రక్తపోటును హైదరాబాదులోని కుమారుడు తన ఫోనులో చూడవచ్చును. నడుమ తీగ లేదు. ఇదెట్లు సాధ్యము?

దీనికాధారము అల్పశక్తి బ్లూటూత్. నోకియా సంస్థ 2006లో 'వైబ్రీ' అను పేరిట వెల్లడించిన ఈ పద్ధతి 2010లో బ్లూటూత్ 4.0లో చేరినది. ఇందలి రేడియో భాగము అధికకాలము నిద్రించి, చెప్పవలసినది ఉన్నప్పుడే లేచి, నాలుగంకెలు పంపి మరల నిద్రించును. అందుచేతనే గుండె లయను లెక్కించు ఛాతీ పట్టీలు నాణెమంత బ్యాటరీతో నెలల తరబడి పనిచేయును. తరంగములనగానే భయపడువారున్నారు, దీని శక్తి సాధారణముగా 10 మిల్లీవాట్లకు మించదు. ఇది ఇంచుమించు ఇల్లు దాటదు. ఆపై అంకెను మోయునది ఇంటర్నెట్టు. తల్లి ఫోను దగ్గర లేనిచో, పలు యంత్రములు కొలతను దాచియుంచి తరువాత పంపును, కుమారుడు కంగారుపడనక్కరలేదు.

అసలు చిక్కు వేరు. ఫోను అంకెను మోయునే గాని దాని మంచిచెడ్డలు విచారింపదు. కాఫీ త్రాగిన వెంటనే, రవిక చేతిపై పట్టీ చుట్టి, మాటలాడుచు కొలిచిన తప్పుడు అంకెయు చక్కగా చేరును. పొరుగింటావిడ సరదాకు చూచుకొన్నను తల్లి పేరనే నమోదుకావచ్చును! అరగంట ముందునుండి కాఫీ మాని, ఐదు నిమిషములు వీపు ఆనించి కూర్చుండి, వస్త్రములేని చేతికి గుండె ఎత్తున పట్టీ కట్టి, నిమిషము ఎడముతో రెండుమార్లు కొలవవలెను.

వెల్లుల్లి వాడుచుండగా అంకె తగ్గినదని మాత్రలు మానరాదు. ఆ పట్టికను డాక్టరుకు చూపవలెను. 180/120 దాటి, ఛాతీనొప్పి గాని మాట తడబాటు గాని ఉన్నచో కుమారుని ఫోనుకై వేచియుండక వెంటనే 108కు చెప్పవలెను.