దీవుల్లో మాటే తనఖా

దేశ రాజధానిలో పరిచయాలకు కొదువ లేదు. పాత పార్లమెంటు భవనంలోని సెంట్రల్ హాలులో, ఒక కప్పు కాఫీ చల్లారే లోగా కుదిరిన పరిచయాల మీద బతికినవారి కథలు ఇక్కడ ఎన్నైనా వినవచ్చును. 2023లో సభలు కొత్త భవనానికి తరలిపోయాయి. అందులో సెంట్రల్ హాలు లేదు. అయినా విజిటింగ్ కార్డుల మార్పిడి హోటళ్ళలో, వర్తక సంఘాల విందుల్లో నిరాఘాటంగా సాగుతూనే ఉంది. దీనికి ఇప్పుడు ‘నెట్‌వర్కింగ్’ అని పేరు. చిన్న వ్యాపారి పైకి రావాలంటే ఈ విద్య నేర్వక తప్పదని సదస్సుల్లో ఉపన్యాసాలు కూడా ఇస్తున్నారు. ఆ ఉపన్యాసాల అవసరం బొత్తిగా లేని చిన్న వర్తకులు కొందరు ఢిల్లీకి బహుదూరాన, బంగాళాఖాతం నడుమ ఉన్నారు. వారిలో తెలుగువారు తక్కువేమీ కాదు.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనసంఖ్య 3 లక్షల 80 వేలు. అందులో తెలుగు మాతృభాషగా గలవారు 50 వేల పైచిలుకు, అంటే నూటికి 13 మంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్ళిన మత్స్యకారులు, కూలీలు, వారి వెనుక వెళ్ళిన చిల్లర వర్తకులు, వీరి సంతానం కలిసి ఈ సంఖ్య. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌కు వెళితే ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. 2023లో ఆ పట్టణ పురపాలక మండలి అధ్యక్ష పదవికి తెలుగుదేశం అభ్యర్థిని సెల్వి భారతీయ జనతా పార్టీ మద్దతుతో ఎన్నికైనప్పుడు, అక్కడ తెలుగుదేశం ఎక్కడిదని ఢిల్లీలో కొందరు ఆశ్చర్యపోయారు. దీవుల్లో తెలుగు జనసంఖ్య ఎరిగినవారు ఆశ్చర్యపోలేదు.

అక్కడి వ్యాపారానికి ఒక విచిత్రమైన అడ్డంకి ఉంది. 1966 నాటి భూమి శిస్తు, భూసంస్కరణల రెగ్యులేషన్ ప్రకారం దీవుల్లోని భూమి మౌలికంగా ప్రభుత్వానిదే. సాగుదారుకు, నివాసికి దక్కేది ప్రభుత్వం మంజూరు చేసిన అనుభవ హక్కు మాత్రమే. ఆ హక్కు పత్రం సైతం లేని కుటుంబాలు అనేకం. తీరాంధ్రలో అరెకరం కొబ్బరితోట కాగితం చూపి అప్పు తెచ్చుకొనే మనిషి, సముద్రం దాటి వెళ్ళాక బ్యాంకు మేనేజరు ముందు వట్టి చేతులతో నిలబడవలసి వస్తుంది. వాని చేతిలో మిగిలిన తనఖా మాట ఒక్కటే.

ఆ మాట ఎట్లా చెల్లుతుందో చూడవలసినదే. బియ్యం, పప్పు, సిమెంటు, మందులు, చాలామటుకు ఓడ మీద రావలసినవే. చెన్నై గాని, విశాఖ గాని 1,200 కిలోమీటర్ల దూరం. ప్రయాణం ఇంచుమించు మూడు రోజులు. తుపాను హెచ్చరిక వచ్చిందంటే ఓడ రేవులోనే ఆగుతుంది. రంగత్‌లోనో డిగ్లీపూర్‌లోనో దుకాణం పెట్టుకున్నవాడు సరుకు చేరకముందే డబ్బు కట్టలేడు. చెన్నై టోకు వర్తకుడు డబ్బు అందకముందే సరుకు పంపక తప్పదు. ఒకడు మరొకణ్ణి నమ్మాలి. ఆ నమ్మకానికి మూలం సాధారణంగా మూడో మనిషి. అంతకుముందు అప్పు తీర్చినవాడు కొత్తవానికి పూచీ పడతాడు. ఆ కొత్తవాడు మాట తప్పితే పరువు పోయేది పూచీ పడినవానికి కూడా. దీవి చిన్నది. ఎగవేసినవాని పేరు వాని కన్నా ముందే పక్క బజారుకు చేరుతుంది.

నికోబార్‌లో ఈ పద్ధతికి పాత చరిత్ర ఉంది. కొబ్బరికాయలే అక్కడ శతాబ్దాల పాటు నాణెం. వచ్చిన ఓడల కెప్టెన్లు తమతో నిజాయితీగా వ్యవహరించిన పెద్దలకు యోగ్యతాపత్రాలు రాసి ఇచ్చేవారు. ఆ పెద్దలు వాటిని భద్రపరచి తరువాతి ఓడవారికి చూపించేవారు. కార్ నికోబార్‌లో ఒక పెద్ద ‘ఫ్రెండ్ ఆఫ్ ఇంగ్లాండ్’ అనే పేరే ధరించాడు. కొందరు కొంటె కెప్టెన్లు ‘ఇతనితో జాగ్రత్త’ అన్న ధోరణిలో రాసిస్తే, ఇంగ్లీషు చదవలేని పాపానికి పాపం ఆ కాగితాలనే గర్వంగా చూపిన సందర్భాలు కూడా ఉన్నాయట. నేటి ఇంటర్నెట్ ప్రశంసాపత్రాలలోనూ ఇటువంటివి లేకపోలేదు. 1956 నాటి ఆదివాసి రక్షణ రెగ్యులేషన్ వచ్చాక రక్షిత ప్రాంతంలో బయటివారు వర్తకం చేయడానికి లైసెన్సు తప్పనిసరి అయింది. ఆ లైసెన్సు దీవిలో అడుగు పెట్టనిస్తుంది గాని, ‘తుహెట్’ అనబడే ఉమ్మడి కుటుంబం తన కొబ్బరిని ఎవరికి అమ్మాలో చెప్పలేదు.

ఇంతవరకు వినడానికి ముచ్చటగానే ఉన్నది. కాని దీనికి రెండో ముఖం ఉంది. అది జంగ్లీఘాట్ రేవులోనూ ఉంది, భీమునిపట్నం రేవులోనూ ఉంది. ఇంజను డింగీకి, వలలకు, డీజిలుకు, మంచుగడ్డకు ముందుగా డబ్బు ఇచ్చేవాడు సావుకారు. పడిన వంజరమైనా, ట్యూనా అయినా అతనికే ఇవ్వాలి. ధర చెప్పేది అతడే. కూతురి పెళ్ళికి, ఆసుపత్రికి అర్ధరాత్రి తలుపు తట్టితే డబ్బు ఇచ్చేదీ అతడే. అందుచేత అతణ్ణి దుర్మార్గుడని ఒక్క మాటలో తోసివేయడం అన్యాయం. అయితే ఒక్కనినే నమ్ముకొని బతకవలసిన స్థితిని నమ్మకం అనడం కూడా అన్యాయమే. అది కట్టుబాటు. కొనేవారు ముగ్గురున్నప్పుడే మత్స్యకారుడు వ్యాపారి అవుతాడు. ఒక్కడే ఉన్నంతకాలం అతడు సావుకారు కూలీ. పరిచయాలు పెంచుకొమ్మని హితవు చెప్పేవారు ఈ లెక్క గమనించినట్లు లేదు.

ప్రభుత్వం ఈ విషయం గ్రహించిన సందర్భం ఒకటి కనిపిస్తున్నది. 2020లో వీధి వర్తకుల కోసం ప్రారంభించిన ‘స్వనిధి’ పథకంలో తనఖా లేకుండా మొదట 10 వేలు, తీర్చితే 20 వేలు, అదీ తీర్చితే 50 వేలు ఇచ్చే ఏర్పాటు చేశారు. 2025లో మొదటి మొత్తాన్ని 15 వేలకు పెంచారు. తీర్చినవానికి పెంచి ఇవ్వడం సావుకార్లకు తరతరాలుగా తెలిసిన సూత్రమే. ఆర్థిక శాఖకు తెలియడానికి ఇంతకాలం పట్టింది! చేపల తట్టకు, టీ కొట్టుకు ఇది రెండో గుమ్మం. డింగీకి మాత్రం 50 వేలు చాలవు.

డింగీకి సహకార బ్యాంకే దిక్కు కావాలి. కాని 2025లో దీవుల రాష్ట్ర సహకార బ్యాంకు రుణాల వ్యవహారంపై పోలీసులు, ఎన్‌ఫోర్స్‌మెంటు డైరెక్టరేట్ దర్యాప్తు ప్రారంభించవలసి వచ్చింది. కాగితాల మీద తప్ప మరెక్కడా లేని సంస్థలకు కోట్ల రూపాయల అప్పులు ఇచ్చారన్నది ఆరోపణ. నిజానిజాలు న్యాయస్థానం తేల్చవలసి ఉన్నది. ఆరోపణ నిజమైతే, ఒక వల కొనడానికి పూచీ అడిగే చోటనే పెద్దవారి పరిచయానికి ఏ పూచీ అక్కరలేకపోయిందని అర్థం. సెంట్రల్ హాలు రకం పరిచయాలకు, జంగ్లీఘాట్ రకం పరిచయాలకు గల తేడా ఇంతకన్నా స్పష్టంగా చూపడం కష్టం.

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్ర గర్భాన వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్‌ను ప్రధాని ప్రారంభించారు. చెన్నైలో ట్యూనా ధర ఎంత ఉన్నదో జంగ్లీఘాట్ కుర్రవాడు ఇప్పుడు ఫోనులో తేలికగా తెలుసుకోగలడు. తెలుసుకొని చేసేదేమిటి? చేప కేబుల్‌లో వెళ్ళదు. దానికి మంచు కావాలి, శీతల గిడ్డంగి కావాలి, వేళకు కదిలే ఓడ కావాలి. గ్రేట్ నికోబార్‌లో వేల కోట్లతో మహా రేవు నిర్మించే పథకం గురించి ఇక్కడ ఎడతెగని చర్చ జరుగుతున్నది. విశాఖ ఓడ గురించి మాట్లాడేవారు తక్కువ. ప్రయాణికుల ఓడలు చెన్నైకి, కలకత్తాకు నడిచినంత తరచుగా విశాఖకు నడవడం లేదు. తెలుగు మత్స్యకారునికి భాష తెలిసిన, బంధుత్వం కలిసిన రెండో కొనుగోలుదారు దొరికే రేవు అదే.

దీవులకు లోక్‌సభలో ఒకే సభ్యుడు. 1952లో నామినేట్ అయిన నికోబారీ బిషప్ జాన్ రిచర్డ్‌సన్ నాటి నుంచి ఇదే స్థితి. నేరుగా ఎన్నిక 1967లో మొదలైనా సంఖ్య పెరగలేదు. విశాఖ ఓడ సంగతి అడగవలసిన భారం ఆయన ఒక్కరి మీదే ఎందుకు పడాలి? శ్రీకాకుళం, విశాఖ సభ్యులకు ఓటు వేసినవారి అన్నదమ్ములు, మేనల్లుళ్ళు ఆ రేవులో ఓడ కోసం ఎదురుచూస్తున్నారు.