విజిల్ లేని డ్రిల్లు

జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. ఎండలో వందలమంది పిల్లల్ని నిలబెట్టి, విజిల్ ఊదుతూ వన్ టూ త్రీ ఫోర్ అని మాస్ డ్రిల్లు చేయించడమే నా ఉద్యోగం. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి "నాన్నా, నడుం పట్టేస్తోంది అంటున్నావుగా, ఇది చూసి చెయ్యి" అని ఒక విన్యాస యోగా వీడియో పంపింది. చూడగానే తెలిసిన వస్తువే అనిపించింది. ఒక భంగిమలోంచి ఇంకో భంగిమలోకి, ఆగకుండా, లెక్క ప్రకారం. కాకపోతే ఇక్కడ విజిల్ మన ముక్కులో ఉంటుంది. ఊపిరి పీలిస్తే ఒక కదలిక, వదిలితే ఇంకోటి.

ఫ్లో యోగా అని ఇప్పుడు ఊరూరా వినబడే దీని పుట్టిల్లు మైసూరు. నాల్గవ కృష్ణరాజ ఒడెయార్ అండతో తిరుమలై కృష్ణమాచార్య 1933లో జగన్మోహన్ ప్యాలెస్‌లో యోగశాల నడిపించడం మొదలుపెట్టారు. ఆయన శిష్యుడు పట్టాభి జోయిస్ ఆ పద్ధతినే అష్టాంగ విన్యాస యోగం పేరుతో విదేశాలదాకా తీసుకెళ్లారు. 1938లో మైసూరులో తీసిన ఒక మూకీ చిత్రం ఇప్పుడు యూట్యూబ్‌లో దొరుకుతుంది. యాభై ఏళ్ల కృష్ణమాచార్య, దాదాపు ఇరవయ్యేళ్ల ఆయన బావమరిది బి.కె.ఎస్. అయ్యంగార్ అందులో ఆసనాలు వేస్తారు. అయ్యంగార్ ఒళ్లు విల్లులా వంగుతుంటే రెప్ప వెయ్యబుద్ధి కాదు. కానీ అది చూసి ఒక్క నమస్కారం కూడా నేర్చుకోలేం. అందులో గొంతు లేదు మరి.

గొంతు ఎందుకంటారా? అధోముఖ శ్వానాసనంలోకి వెళ్లి చూడండి. అరచేతులు, పాదాలు నేల మీద, నడుం పైకి, తల రెండు చేతుల మధ్య వేలాడుతూ ఉంటుంది. చూపు మోకాళ్ల మీద. ఫోను ఏ మూల పెట్టినా కనబడదు. చూద్దామని తలెత్తితే మెడ పట్టేస్తుంది. ఇది కాక కుడి ఎడమల పేచీ ఒకటి. టీచరు మనవైపు తిరిగి కుడి కాలు అంటుంది, తెర మీద మనకి ఎడమ పక్కనున్న కాలు లేస్తుంది. కొందరు మన సౌకర్యం కోసం తామే తిరగేసి చేస్తారు. చూసేవాడికి బుర్ర తిరుగుతుంది, వినేవాడికి ఏ బాధా లేదు. అందుకే నేను కొత్త వీడియోని ముందు కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ ఒకటికి రెండుసార్లు చూస్తాను. తరవాత ఫోను బోర్లా పెట్టేసి చేస్తాను.

పట్టాభి జోయిస్ స్వయంగా లెక్క చెబుతుంటే అమెరికాలోని శిష్యులు చేసిన 1993 నాటి వీడియో ఒకటుంది. అంకెలన్నీ సంస్కృతంలోనే. అది వరస తెలిసినవాళ్లకి. కొత్తవాళ్లకి టెక్సస్‌లోని ఆస్టిన్ నుంచి ఆడ్రియీన్ మిష్లర్ 2012లో మొదలుపెట్టిన చానల్ లాంటివి నయం. కబుర్లెక్కువే, చాలా వీడియోల్లో బెంజీ అనే కుక్క కూడా పక్కనే ఉంటుంది, కానీ కాలు కదపకముందే ఎక్కడ వెయ్యాలో చెబుతుంది. తెలుగువాళ్లలో నా ఓటు వెనక వేణుగానం పెట్టనివాళ్లకి.

మొదటి రకం సూర్య నమస్కారానికి తొమ్మిది లెక్కలు. ఏకం అంటే పీల్చుకుంటూ చేతులు పైకి. ద్వే, వదులుతూ ముందుకి వంగడం. త్రీణి, పీల్చుకుంటూ తల ఎత్తి వీపు చదును చెయ్యడం. చత్వారి, వదులుతూ కాళ్లు వెనక్కి వేసి, ఒళ్లు నేలకి సమాంతరంగా దించడం. పంచకి ఛాతీ లేస్తుంది, షట్‌కి నడుం లేస్తుంది. అక్కడ ఐదు ఊపిర్లు ఆగాలి. మిగతా మూడూ వచ్చిన దారినే వెనక్కి.

భుజాలు పాడయ్యేది చత్వారి దగ్గరే. చతురంగ దండాసనం అంటారు దాన్ని, మనవాళ్లు తీసే దండీల్లాంటిదే. మోచేతులు పక్కలకి విచ్చుకోకూడదు, పక్కటెముకల్ని రాసుకుంటూ వెనక్కి వెళ్లాలి. భుజం మోచేతికన్నా కిందకి జారకూడదు. వేళ్లు విప్పి, చూపుడువేలి మొదలు నేలకి గట్టిగా నొక్కితే మణికట్టు మీద బరువు తగ్గుతుంది. కొత్తలో మోకాళ్లు ఆనించి దిగండి, నామోషీ ఏమీ లేదు. గెంతడం కూడా అక్కర్లేదు, ఒక్కో కాలూ వెనక్కి వేస్తే చాలు. వీడియోలో గాల్లో తేలిపోయే అమ్మాయికి ఇరవయ్యేళ్లు, నాకు అరవై ఆరు.

సరిచేసే మనిషి లేకపోవడం వీడియోకున్న పెద్ద లోటు. మా ఆవిడ నా ఫోనుతో పక్కనుంచి ఒక నమస్కారం తీసిపెడుతుంది. అది చూస్తే మోచేతుల సంగతి బయటపడిపోతుంది. బీపీ ఎక్కువున్నవాళ్లు, గ్లకోమా ఉన్నవాళ్లు తల కిందకి వేలాడదీసే ముందు డాక్టర్ని అడగాలి. భోజనమయ్యాక మూడు నాలుగు గంటలు దీని జోలికి పోవద్దు. టైల్స్ మీద దుప్పటి జారుతుంది, మ్యాట్ కొనుక్కోండి.

మా విజిల్ ఎవరికోసమూ ఆగేది కాదు. వీడియోదీ అదే తీరు. ఊపిరి పొడుగున్నవాడు మధ్యలో తెంచుకోవాలి, పొట్టిగా ఉన్నవాడు బిగబట్టాలి. ఈ యోగాకి రెండూ పనికిరావు. గొంతు కాస్త నొక్కినట్టు పెట్టి ముక్కుతో పీలిస్తే సన్నగా బుసలాంటి చప్పుడొస్తుంది. అది తెగిందంటే తొందరపడుతున్నట్టే. మైసూరులో అందుకే రెండు రకాల క్లాసులు. గురువు లెక్క చెబితే అందరూ కలిసి చేసేది ఒకటి. రెండోదాంట్లో ఎవరి వరస వాళ్లకి కంఠతా వచ్చి ఉంటుంది, ఎవరి ఊపిరితో వాళ్లు చేసుకుపోతారు, గురువు మధ్యలో తిరుగుతూ దిద్దుతారు. వచ్చినది కుదిరాకే కొత్త ఆసనం ఇస్తారు. వీడియోతో మనకి దక్కేది మొదటి రకం. రెండోది కావాలంటే వీడియో కట్టేయాలి. కాబట్టి రోజుకో కొత్తది వెతక్కుండా ఒక్కదాన్నే పట్టుకుని, నోటికొచ్చాక వదిలెయ్యడం మేలు.

ఇప్పుడు నేను రెండో రకం నమస్కారంలో ఉన్నాను. దానికి పదిహేడు లెక్కలు. ఏడో లెక్కకి కుడికాలు ముందుకేసి వీరభద్రాసనం, పదకొండుకి ఎడమకాలు, మొత్తం మీద చతురంగం మూడుసార్లు. పద్నాలుగుకి గానీ ఐదు ఊపిర్ల విశ్రాంతి రాదు. మోకాళ్ల నొప్పుల వల్ల మా ఆవిడ దీని జోలికి రాదు. అయినా వంటింట్లోంచి నా బుస వింటూ, "పన్నెండు దగ్గర మింగేశారేంటండీ ఊపిరి?" అని కేకేస్తుంది.