ట్రిగ్గర్ మీద తటపటాయించే వేలు

కిరాయి హంతకుడి అంతర్మథనం తెరపై మంచి కాలక్షేపం. బస్తర్‌లో అలాంటి సందిగ్ధమే ప్రాణసంకటం

ఒక గది, ఒక తుపాకీ, తెల్లారేలోగా చంపాల్సిన ఒక మనిషి. చేతకాక కాదు, మనసొప్పక వెనకాడే హంతకుడు. తక్కువ ఖర్చుతో సినిమా తీయాలనుకునేవారికి ఇంతకంటే అనువైన సరంజామా దొరకదు. కిరాయి హంతకుడు ఒంటరివాడు కాబట్టి భారీ తారాగణం అక్కర్లేదు. దాక్కుని తిరుగుతాడు కాబట్టి సెట్ల అవసరమూ లేదు. ఇక ఉత్కంఠ అంటారా, అది తూటా పేలడంలో కన్నా పేలుతుందా లేదా అన్న సందేహంలోనే ఎక్కువ.

ఈ కిటుకు పాతదే. 1961లో అలెన్ బారన్ తానే దర్శకుడై, తానే కథానాయకుడై అరకొర పెట్టుబడితో 'బ్లాస్ట్ ఆఫ్ సైలెన్స్' తీశారు. క్రిస్మస్ రోజుల్లో ఒకరిని చంపడానికి న్యూయార్క్ వచ్చిన హంతకుడు పాత పరిచయస్తురాలు తారసపడ్డాక ఈ వృత్తి మానేయాలనుకుంటాడు. పని అప్పగించినవారు మానేయనివ్వరు. 1998లో రామ్‌గోపాల్ వర్మ కూడా అగ్ర తారలెవరూ లేకుండానే 'సత్య' తీశారు. ముంబై మాఫియాలోకి జారిన యువకుడిని ప్రేమ ఒకవైపు లాగుతుంటే తుపాకీ మరోవైపు లాగుతుంది.

బడ్జెట్ పెరిగితే లెక్క మారుతుంది. 2005లో వచ్చిన 'అతడు'లో మహేశ్‌బాబు కిరాయి హంతకుడే. అయినా కథకు మూలమైన హత్య అతను చేయలేదని, తోటివాడే చేశాడని చివరకు తేలుతుంది. చిన్న సినిమాకు ఆ మొహమాటం లేదు. నేరం నేరంగానే మిగులుతుంది. హంతకుడిని అసహ్యించుకోలేక, క్షమించనూ లేక ప్రేక్షకుడు సతమతమవుతాడు. ఈ తరహా చిత్రాల అసలు రుచి అదే.

ఆ రుచి మరిగినవారికి బస్తర్ ఒక చిక్కు ప్రశ్న. అక్కడ కథ కిరాయి హత్యలది కాదు. కానీ తుపాకీ పట్టాక పక్షం మారినవారు వందల్లో ఉన్నారు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించారు. వారికి దక్కింది నెలకు 3,000 రూపాయల గౌరవవేతనం. మావోయిస్టులపై పోరులో వారిని వాడడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాష్ట్రం అదే ఏడాది సహాయక సాయుధ పోలీసు దళం పేరిట కొత్త చట్టం తెచ్చింది. తర్వాత ముందుకొచ్చిన డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్‌లో స్థానిక యువకులతో పాటు లొంగిపోయిన మావోయిస్టులూ ఉన్నారు. 2023 ఏప్రిల్ 26న దంతెవాడ జిల్లా అరన్‌పూర్ వద్ద జరిగిన మందుపాతర పేలుడులో ఆ దళానికి చెందిన 10 మంది జవాన్లు, వారి వాహన డ్రైవర్ మరణించారు. మృతుల్లో మాజీ మావోయిస్టులూ ఉన్నారు. ఇలాంటివారికి ఎదురుపడేది ముక్కూమొహం తెలియని శత్రువు కాకపోవచ్చు. నిన్నటి సహచరుడో, సొంత ఊరివాడో కావచ్చు.

హిందీ సినిమా ఈ మనిషి దరిదాపుల్లోకి వచ్చింది కానీ అతని దగ్గర ఆగలేదు. ప్రకాశ్ ఝా 'చక్రవ్యూహ్' (2012)లో ఊగిసలాడేది పోలీసు మిత్రుడి కోసం దళంలో చొరబడిన బయటి యువకుడు. 'న్యూటన్' (2017) ఎన్నికల విధులకు అడవికొచ్చిన గుమాస్తా కథ. 'బస్తర్' (2024)లో ఆదివాసీ మహిళ తుపాకీ పడుతుంది. ఆమెను నడిపించేది భర్తను పోగొట్టుకున్న కసి తప్ప సంశయం కాదు.

2025 అక్టోబర్ 17న జగదల్‌పూర్‌లో 210 మంది మావోయిస్టులు లొంగిపోయారు. సినిమాలో అయితే ఆయుధం అప్పగించిన క్షణంలో శుభం కార్డు పడుతుంది. అడవి విడిచినవారికి అసలు ప్రశ్నలు అక్కడే మొదలవుతాయి. సొంత ఊరు రానిస్తుందా? బతుకుతెరువు కోసం మళ్లీ తుపాకీయే పట్టాలా, ఈసారి యూనిఫాం మార్చుకుని?

ఈ కథకు పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. గోండిలో మాట్లాడే కథానాయకుడు కావాలి. చంపినవాడి సందేహంతో పాటు చనిపోయినవాడి ఇంటినీ చూపించే ఓపిక కావాలి. తటపటాయించే హంతకుడిని ఇన్నేళ్లుగా ఆస్వాదిస్తున్న ప్రేక్షకుడు ఆ మాత్రం సినిమా కోరుకోవడం అత్యాశేమీ కాదు.