ఐర్లండ్ మోడల్ రైలుకు ఎలాంటి బఫర్ స్టాప్ పెట్టాలి? కొనే ముందు చూసుకోవాల్సినవి ఇవే

నాంపల్లి స్టేషన్ చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. అక్కడికి వచ్చాక పట్టాలు ఇక ముందుకు పోవు. 2024 జనవరి 10న చార్మినార్ ఎక్స్‌ప్రెస్ అక్కడే ఆగాల్సిన చోట ఆగక, చివర ఉన్న గోడను తాకి పట్టాలు తప్పింది. కొందరు ప్రయాణికులకు గాయాలయ్యాయి. పట్టాల చివర రైలును ఆపడానికి పెట్టే అడ్డునే బఫర్ స్టాప్ అంటారు. అది ఎందుకు ఉంటుందో అంతవరకు ఎవరూ పట్టించుకోరు.

ఐర్లండ్‌లో ఇంతకంటే పెద్ద ఘటన ఒకటి జరిగింది. 1900 ఫిబ్రవరి 14న ఎన్నిస్కార్తీ నుంచి పశువులతో వస్తున్న రైలు డబ్లిన్‌లోని హార్కోర్ట్ స్ట్రీట్ స్టేషన్‌లో ఆగలేదు. బఫర్ స్టాప్‌ను తోసుకుని, వెనక ఉన్న గోడను పగలగొట్టుకుని బయటికి వచ్చేసింది. ఇంజిన్ ముందు భాగం కింద ఉన్న హాచ్ స్ట్రీట్ మీదకు వేలాడింది. ఎవరి ప్రాణాలూ పోలేదు గానీ డ్రైవర్ ఒక చేయి పోగొట్టుకున్నాడు. ఆ స్టేషన్ 1958 చివర్లో మూతపడింది. ఇప్పుడు దాని ముందు నుంచే లువాస్ గ్రీన్ లైన్ ట్రామ్ వెళ్తుంది. డబ్లిన్‌లో ఉండే మన తెలుగువాళ్లలో చాలామంది రోజూ ఆ దారినే పోతుంటారు.

ఐర్లండ్ రైల్వేను ఇంట్లో బల్ల మీద కట్టుకునే హాబీ ఉన్నవాళ్లకు ఈ చిన్న వస్తువు చాలా ముఖ్యం. లేఅవుట్‌లో ఇంజిన్ బాగుండి, స్టేషన్ బాగుండి, పట్టాల చివర తప్పు బఫర్ స్టాప్ ఉంటే తెలిసినవాళ్ల కన్ను ముందు అక్కడికే పోతుంది.

గేజ్ లెక్క ముందు

ఐర్లండ్‌లో పట్టాల మధ్య దూరం 5 అడుగుల 3 అంగుళాలు, అంటే 1600 మిల్లీమీటర్లు. బ్రిటన్‌లో 4 అడుగుల 8.5 అంగుళాలే. ఎక్కువమంది వాడే ఓఓ సైజులో నిజమైన 1 అడుగుకు మోడల్‌లో 4 మిల్లీమీటర్లు. ఆ లెక్కన ఐర్లండ్ ట్రాక్ 21 మిల్లీమీటర్లు ఉండాలి. కానీ షాపులో దొరికే ఓఓ ట్రాక్ 16.5 మిల్లీమీటర్లే. అంటే 4 అడుగుల ఒకటిన్నర అంగుళం. ఒక అడుగుకు పైగానే తక్కువ.

21 మిల్లీమీటర్ల ట్రాక్ సొంతంగా వేసుకునేవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లు 16.5తోనే సర్దుకుంటారు. అందులో తప్పేం లేదు. కానీ బఫర్ స్టాప్ అడ్డదూలం పొడవును మాత్రం ట్రాక్ చూసి కాదు, వ్యాగన్ చూసి కొలుచుకోవాలి. వ్యాగన్‌ను దగ్గర పెట్టి, దాని రెండు బఫర్లు ఎక్కడ తాకుతాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. దూలం ఆ రెండు గుర్తులూ దాటి కొంచెం బయటికి రావాలి. ఎత్తు కూడా అలాగే చూసుకోవాలి.

ఏ చోట ఏ రకం?

పాత పట్టాలను వంచి, వాటికి అడ్డంగా దూలం బిగించినది ఒక రకం. స్టేషన్ ప్లాట్‌ఫారం చివర ఇది బాగా నప్పుతుంది. రెండోది పాత చెక్క స్లీపర్లతో పెట్టెలా కట్టి లోపల మట్టి, కంకర నింపినది. పల్లెటూరి గూడ్స్ యార్డుకు ఇది సరైనది. ఇంకా మారుమూల సైడింగ్ అయితే ఒట్టి మట్టిదిబ్బ చాలు. పెద్ద టెర్మినల్ స్టేషన్లలో కొన్నిచోట్ల హైడ్రాలిక్ రకం ఉంటుంది. కొత్త కాలంలో వచ్చినది, దెబ్బ తగలగానే పట్టాల మీద కొంతదూరం జారుతూ రైలు వేగాన్ని తగ్గించే ఉక్కు రకం.

కాలం విషయంలో ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు. బఫర్ స్టాప్ రైలు కంటే పాతది కావచ్చు, కొత్తది కాకూడదు. 1976లో తయారైన 071 డీజిల్ ఇంజిన్ పక్కన గడ్డి మొలిచిన పాత స్లీపర్ల స్టాప్ ఉంటే సహజంగానే ఉంటుంది. పాతవాటిని ఎవరూ పనిగట్టుకుని తీసేయరు. కానీ ఆవిరి ఇంజిన్ ముందు జారే ఉక్కు స్టాప్ పెడితే మాత్రం అబద్ధం దొరికిపోతుంది.

డోనెగల్, వెస్ట్ క్లేర్ లాంటి 3 అడుగుల నారో గేజ్ లైన్లకు లెక్క వేరు. ఓఓ కొలతలో ఆ ట్రాక్ 12 మిల్లీమీటర్లు. ఆ బండ్లకు సాధారణంగా మధ్యలో ఒకటే బఫర్ ఉండేది. రెండు బఫర్లకు చేసిన స్టాప్ అక్కడ పెడితే అర్థమే ఉండదు.

కొనడమా, చేసుకోవడమా?

పెకో కంపెనీ ఓఓ సైజులో పట్టాల రకం, స్లీపర్ల రకం రెండూ అమ్ముతుంది. అవి బ్రిటిష్ పద్ధతివి. దూలం మార్చి, రంగు వేస్తే ఐర్లండ్‌కు సరిపోతాయి. స్లీపర్ల రకం ఇంట్లో చేసుకోవడం ఇంకా తేలిక, ఖర్చు దాదాపు లేనట్టే. కాఫీ కలుపుకునే చెక్క పుల్లలను 3.3 మిల్లీమీటర్ల వెడల్పు, 36 మిల్లీమీటర్ల పొడవుతో కోసుకుంటే సుమారు 9 అడుగుల స్లీపర్లు తయారవుతాయి. వాటిని పెట్టెలా అతికించి, లోపల జల్లించిన మట్టి నింపి జిగురు పోయాలి. చెక్కకు నల్లరంగు కాకుండా వెలిసిన బూడిదరంగు వేయాలి. పట్టాలకు తుప్పు గోధుమరంగు. దూలానికి ఎరుపు వేసినా కొంచెం మాసినట్టు ఉంచండి, కొత్తగా మెరవకూడదు.

ఈ రెండు తప్పులు చేయొద్దు

మొదటిది కరెంటు. మోడల్ రైలుకు కరెంటు రెండు పట్టాల నుంచే వస్తుంది. నిజమైన లోహపు పట్టాలతో స్టాప్ చేసి, వాటిని లోహపు దూలంతో కలిపితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. దూలం చెక్కదో ప్లాస్టిక్‌దో పెట్టండి. లేదంటే స్టాప్‌కు ముందు ట్రాక్‌ను ప్లాస్టిక్ జాయినర్‌తో విడదీయండి.

రెండోది బల్ల అంచు. జిగురుతో అతికించిన ప్లాస్టిక్ స్టాప్ బరువైన ఇంజిన్‌ను ఆపలేదు. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగు రెట్లు అవుతుంది. ఒక్క ఇంజిన్ ధరే వంద యూరోలు దాటుతోంది, కింద పడితే అంతా నష్టమే. అందుకే స్టాప్‌ను అంచుకు కొంచెం లోపలికి జరపండి. మట్టిదిబ్బ లోపల కనపడకుండా ఒక స్క్రూ బిగించండి. బల్ల చివర చెక్కతో చిన్న గట్టు కట్టండి. ఇంట్లో చిన్నపిల్లలు కంట్రోలర్ తిప్పుతుంటే ఈ గట్టు తప్పనిసరి.

కొనే ముందు మీరు కడుతున్న స్టేషన్ పాత ఫోటో ఒకటి వెతకండి. ఫోటోగ్రాఫర్ ఇంజిన్‌ను తీసి ఉంటాడు, బఫర్ స్టాప్ ఏదో మూలన పడి ఉంటుంది. ఆ మూలే జాగ్రత్తగా చూడండి. మీకు కావాల్సింది అక్కడే ఉంది.