ఇరుసులో దాగిన పేరు

డెన్వరు నగరమున ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు, కొలరాడో కొండదారులలో తిరుగుటకై సెకండ్ హ్యాండు జీప్ రాంగ్లర్ నొకదానిని కొనదలచి, స్పోర్ట్, సహారా, రూబికాన్ అను మూడు వేరియంట్లలో ఏది మేలని నన్నడిగెను. తోలుసీట్లును, బండి రంగుతో సరిపోలిన మడ్గార్డులును గల సహారాపై వాని మనస్సు అప్పటికే మొగ్గియుండెను. బేరమాడుటకు ముందు ఒక్కమారు బండి క్రిందికి వంగి చూడుమంటిని.

వాడు చూచుచుండినవి 2007 మొదలు 2018 వరకు తయారైన, జేకే యను సంకేతనామము గల బండ్లు. వీనిలో ఏ సంవత్సరపు బండిని తీసికొన్నను మూడు వేరియంట్లకును ఇంజను ఒక్కటే: 2011 వరకు 3.8 లీటర్లది, 2012 నుండి 3.6 లీటర్లది. హెచ్చు ధర పెట్టినవానికి హెచ్చు అశ్వశక్తి లభింపదు. ఉన్న శక్తి ఏ చక్రమునకు, ఎంత నిదానముగా చేరుననుటలోనే భేదమంతయు నున్నది.

మన ఎద్దుబండి చక్రములు రెండును ఇరుసుపై వేటికవి తిరుగుచుండుటచే, మలుపున వెలుపలి చక్రము లోపలిదానికన్న ఎక్కువ దూరము నడచినను చిక్కేమియు లేదు. బండిని లాగునవి ఎడ్లు గదా! మోటారు బండిలో చక్రములే లాగవలసియుండుటవలన, రెండింటికిని బలమునిచ్చుచునే వానిని వేర్వేరు వేగములతో తిరుగనిచ్చు డిఫరెన్షియల్ ఆవశ్యకమయ్యెను. పెకర్ అను ఫ్రెంచి యంత్రకారుడు 1828లో దీనికి పేటెంటు పొందెను. సమతలమైన బాటపై ఇంతటి ఉపకారి మరొకటి లేదు. కాని యిది రెండు చక్రములకును బలమును సమముగా పంచుననుటలోనే దీని దోషమును ఉన్నది: ఒక చక్రము గాలిలో తేలి, తిరుగుటకు బలమే అక్కరలేని స్థితికి వచ్చినపుడు, నేలను గట్టిగా పట్టియున్న రెండవ చక్రమునకును ఆ స్వల్పబలమే దక్కును. ముందొక చక్రము, వెనుకనొక చక్రము ఇట్లు పట్టుతప్పినచో, ఫోర్ వీల్ డ్రైవ్ అని పేరుపడిన బండియు రెండు చక్రములను వృథాగా త్రిప్పుకొనుచు నిలిచిపోవును.

లాకర్ అనునది ఈ పంపకమును తాత్కాలికముగా రద్దుచేసి, ఇరుప్రక్కల ఇరుసులను ఒక్కటిగా బిగించును. రూబికాన్ నందు ముందు వెనుకల రెండింటను ఇవి కర్మాగారముననే అమర్పబడినవి. తక్కిన రెండింటిలో ఒక్కటియు లేదు. ముందు ఇరుసు సైతము స్పోర్ట్, సహారాలలో డానా 30 రకము కాగా, రూబికాన్ లో అంతకన్న దృఢమైన డానా 44 రకము.

ఇక లో గేరు సంగతి. ఆరు గేర్ల మాన్యువల్ బండిలో మొదటి గేరు నిష్పత్తి 4.46. రూబికాన్ లో దీనిని, ముందు వెనుక ఇరుసులకు శక్తిని పంచు ట్రాన్స్ఫర్ కేసు యొక్క లో గేరు నిష్పత్తి 4తోను, ఇరుసు నిష్పత్తి 4.10తోను హెచ్చవేసినచో 73 వచ్చును. అనగా ఇంజను 73 మారులు తిరిగిననే గాని చక్రమొక్కమారు తిరుగదు. స్పోర్ట్ లో ట్రాన్స్ఫర్ కేసు నిష్పత్తి 2.72, దానికి 3.73 ఇరుసు దొరికినను లెక్క 45 దగ్గర ఆగును. ఇంజను నిమిషమునకు 730 మారులు తిరుగుచుండగా, 32 అంగుళముల టైర్లపై మొదటిది నిమిషమునకు సుమారు 25 మీటర్లు, రెండవది 41 మీటర్లు సాగును. బండరాళ్ల నడుమ ఈ భేదము స్వల్పమైనది కాదు: క్లచ్చి నొక్కకయే రాతికి రాయి చూచుకొని చక్రమును మోపుటకును, ఊపు తెచ్చుకొని ఎగిరి అడుగుభాగమును గీరుకొనుటకును గల యంతరమది.

సీట్లు, దీపములు, పాటలపెట్టె పిదపనైనను కొని బిగించుకొనవచ్చును. ఇరుసులు, లాకర్లు, ట్రాన్స్ఫర్ కేసు మార్చబూనినవానికి మాత్రము పాతబండ్లకు గల ధరల వ్యత్యాసము మిక్కిలి చౌకగా తోచును. అయినను రూబికానే కొనుమని నేను చెప్పలేదు. మట్టిబాటలకు, మంచుకు, ఇసుకతీరమునకు స్పోర్ట్ చాలును. పైగా, రాళ్లపై నడచుటకై పుట్టిన బండిని పూర్వపు యజమాని రాళ్లపైననే నడిపియుండును. అంగడి పార్కింగు దాటనిది కనబడినచో అదృష్టమే. అడుగున రేకులు సొట్టలుపడి, ఇరుసు చమురు కారుచున్న రూబికాన్ కన్న నిక్షేపముగా నున్న స్పోర్ట్ మేలు.

ఈ పరిశీలన మనయూరి బేరములకును వర్తించును. 2023 జనవరి నుండి వెనుక చక్రములతో మాత్రమే నడచు మహీంద్రా థార్ కూడ అమ్మకమునకు వచ్చినది; ఆకారమును చూచి ఫోర్ వీల్ అనుకొనుట సులభము. గేరు కడ్డీ ప్రక్కన రెండవ కడ్డీ యున్నదో లేదో చూచిన సందేహము తీరును.

రాంగ్లర్ విషయమున చివరి పరీక్ష యొకటి కలదు. బోనెట్టు ప్రక్కన రూబికాన్ అను అక్షరముల నెవరైనను అంటింపవచ్చును. కావున బండిని లో గేరులో పెట్టి, డ్యాష్ బోర్డుపై లాకరు స్విచ్చి నొక్కి, నాలుగడుగులు మెల్లగా నడిపి చూడుడు: లాకరు పడినచో మినుకుమను దీపము స్థిరముగా వెలుగును. స్విచ్చియే లేనిచో స్పోర్ట్ ధరకే బేరమాడుడు. దీపము మినుకుచునే యున్నచో మరమ్మతు ఖర్చు తగ్గించి యడుగుడు.