పాల సంఘంలో కంప్యూటర్ – సభ్యులు తెలుసుకోవలసిన కొన్ని మాటలు



ఇదివరలో సంఘంలో పాలు పోస్తే కొలపాత్రతో కొలిచి, శాంపిలు తీసి, గెర్బర్ పద్ధతిలో ఆమ్లం కలిపి యంత్రంలో తిప్పి వెన్న శాతం చూచేవారు. కార్యదర్శి ఆ అంకెలు రిజిస్టరులో వ్రాసి, సభ్యుని పాసుపుస్తకంలో ఎక్కించేవారు. నేడు అనేక సంఘాలలో ఎలక్ట్రానిక్ కాటా, పాల పరీక్ష యంత్రం, కంప్యూటర్ కలిసి ఈ పనిని ఒకటి రెండు నిమిషాలలో ముగిస్తున్నాయి. పని సులువైనది. కాని లెక్క మన కంటికి కనపడకుండా జరుగుతున్నది. కనుక కంప్యూటర్ దగ్గర వినబడే కొన్ని మాటలను ఇక్కడ వివరిస్తున్నాము.

ఇన్‌పుట్ : కంప్యూటర్‌కు మనం అందించే సమాచారం. సభ్యుని నంబరు, పాల తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. అనే వెన్నకాని ఘనపదార్థాల శాతం – ఇవన్నీ ఇన్‌పుట్. కొన్ని అంకెలు తీగ ద్వారా యంత్రం నుండే వస్తాయి. కొన్నిటిని మనిషి కీబోర్డుపై నొక్కవలసి ఉంటుంది.

ప్రోగ్రాం : ఏ లెక్క తరువాత ఏ లెక్క చేయాలో ముందుగా వ్రాసి ఉంచిన ఆదేశాల వరుస. ధరల పట్టిక కూడా దీనికి అందించి ఉంచుతారు. ఇటువంటి ప్రోగ్రాములనే సాఫ్ట్‌వేర్ అంటారు. చేతితో తాకగల పెట్టె, తెర, కీబోర్డు మొదలైనవి హార్డ్‌వేర్.

సి.పి.యు. : ఆదేశాల ప్రకారం లెక్క కట్టే భాగం. ఇది తప్పొప్పులు విచారించదు. ఇచ్చిన అంకెతోనే లెక్క కడుతుంది.

అవుట్‌పుట్ : కంప్యూటర్ తిరిగి ఇచ్చే ఫలితం. తెరపై కనపడే అంకెలు, మీ చేతికి వచ్చే చీటీ అవుట్‌పుట్.

మెమరీ : ఇది రెండు విధాలు. ర్యామ్ అనేది పలక వంటిది. కరెంటు పోతే అందులోనిది చెరిగిపోతుంది. హార్డ్ డిస్క్ రిజిస్టరు వంటిది. కరెంటు పోయినా అందులో భద్రపరచినది నిలిచి ఉంటుంది. అయితే డిస్క్ కూడా చెడిపోవచ్చు. అందుకే లెక్కలకు వేరొకచోట నకలు ఉంచాలి. దానినే బ్యాకప్ అంటారు.

పాస్‌వర్డ్ : లెక్కల పెట్టెకు తాళంచెవి వంటి రహస్యపు మాట. దీనిని గోడపై వ్రాసి ఉంచరాదు.

ఇక ఒక ఉదాహరణ చూద్దాము. వెన్నను బట్టి ధర కట్టే సంఘంలో కిలో వెన్నకు 800 రూపాయలు అనుకొందాము. 7 శాతం వెన్న ఉన్న 5 కిలోల పాలలో 350 గ్రాముల వెన్న ఉంటుంది. 280 రూపాయలు రావాలి. పొరపాటున 7 బదులు 6 నొక్కితే 240 రూపాయలే వస్తాయి. ఒక్క పూటకు 40 రూపాయల నష్టం! సభ్యుని నంబరు 47 బదులు 74 అని నొక్కితే ఆ పూట సొమ్మంతా వేరొకరి ఖాతాకు పోతుంది.

కనుక పాలు పోయక ముందు కాటా సున్నా చూపుతున్నదా అని గమనించండి. చీటీలో నంబరు, తూకం, వెన్న శాతం, సొమ్ము అక్కడే సరిచూచుకోండి. చదవలేని వారు పిల్లల చేత చదివించుకొనవచ్చును. తేడా ఉన్నచో వెంటనే కార్యదర్శికి చెప్పండి. బిల్లు వచ్చేవరకు చీటీలను భద్రపరచండి. అడగడం సభ్యుని హక్కు. సరిచూపడం సంఘం బాధ్యత.