కువైట్ ఎండలో మన కారు: అది చెప్పే మాట విందాం

నాలుగు దినార్ల రబ్బరు గొట్టం నేర్పిన పాఠం ఇది. నాలా ఇంకెవరూ ఇబ్బంది పడకూడదని రాస్తున్నాను.

ఒక ఆగస్టు శుక్రవారం మధ్యాహ్నం. అబ్బాసియా నుంచి మంగాఫ్‌లో మిత్రుడి ఇంటికి భోజనానికి బయలుదేరాం. వెనక సీట్లో నా భార్య, రెండేళ్ల పాప. సగం దారిలో టెంపరేచర్ ముల్లు ఒక్కసారిగా పైకి లేచింది, బానెట్ కింద నుంచి ఆవిరి వచ్చింది. కారు పక్కకు తీసి ఆపేశాను. ఏసీ పోయిన అయిదు నిమిషాలకే పాప ముఖం ఎర్రబడిపోయింది.

అంతలో వెనకే వచ్చిన కారు ఆగింది. అందులోంచి దిగినాయన రాయచోటి మనిషి, ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. ముందు నా భార్యనీ, పాపనీ తన కారు ఏసీలో కూర్చోబెట్టాడు. నేను రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతుంటే గట్టిగా ఆపాడు. "ఇప్పుడు తీస్తే ముఖమంతా కాలిపోతాదన్నా! నీళ్లు తగ్గుతాండాయని ముందే చూసుకోల్యా? బండి ముందే చెప్పింటాది, మనమే ఇనుకోం" అన్నాడు.

నిజమే, చెప్పింది. వారం ముందు నుంచీ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ముల్లు సగం దాటుతోంది. బానెట్ దగ్గర ఏదో తియ్యటి వాసన. నేనేమో మంచినీళ్ల సీసా పోసి, "దఫ్తర్ రెన్యువల్ అప్పుడు చూద్దాంలే" అనుకున్నాను. చివరికి పగిలింది రేడియేటర్ గొట్టం.

మన దేశం నుంచో, అమెరికా నుంచో ఇక్కడికి వచ్చినవాళ్లం ఒక సంగతి మరిచిపోతాం. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అది నీడలో కొలిచిన లెక్క. తారు రోడ్డు మీద, ఇంజిను పక్కన వేడి ఇంకెంతో ఎక్కువ. కారు మాన్యువల్‌లో సర్వీసు గడువులు రెండు రకాలుగా ఉంటే, ఎండ, దుమ్ము, ట్రాఫిక్ ఎక్కువగా ఉండే చోట్లకు చెప్పిన తక్కువ గడువే మనది.

ఆ తర్వాత నేను అలవాటు చేసుకున్నవి ఇవి.

1. కూలెంట్: రెండు వారాలకోసారి, ఉదయం ఇంజిను చల్లగా ఉన్నప్పుడు రిజర్వ్ ట్యాంకు గీతలు చూడండి. కూలెంట్ పదే పదే తగ్గుతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. వట్టి నీళ్లు పోస్తూ పోతే లోపల తుప్పు పడుతుంది, నీరు త్వరగా మరుగుతుంది. మాన్యువల్ చెప్పిన కూలెంటే వాడండి.

2. టైర్లు: గాలి కూడా ఉదయమే చూడండి. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న లెక్క పాటించండి. వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపించిందని తీసేయకండి. గాలి తక్కువైన టైరే ఎక్కువ నలిగి, వేడెక్కి పేలుతుంది. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది: 2223 అంటే 2023లో 22వ వారం. అరగకపోయినా అయిదేళ్లు దాటితే, లేదా పగుళ్లు, ఉబ్బు కనిపిస్తే మార్చేయడం మంచిది.

3. బ్యాటరీ: చలిదేశాల్లో బ్యాటరీ చలికాలంలో మొరాయిస్తుంది. ఇక్కడ దాని ఆయుష్షు తినేది ఎండ. స్టార్టింగ్ బద్ధకంగా ఉన్నా, టెర్మినల్స్ మీద తెల్లటి పొడి పేరుకున్నా వెంటనే పరీక్ష చేయించండి.

4. ఏసీ, ఫిల్టర్లు: కారు కదిలేటప్పుడు చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడి గాలి వస్తే ముందు ఫ్యాన్, దుమ్ము పట్టిన కండెన్సర్ చూపించండి. గ్యాస్ పోయిందని మీరే నిర్ణయించేయకండి. దుమ్ము తుఫాను తర్వాత ఎయిర్ ఫిల్టర్ కూడా చూడాలి.

5. బ్రేకులు: కీచుమంటే ప్యాడ్లు అరిగి ఉండవచ్చు. ఇనుము గీసిన శబ్దం వస్తే ఆలస్యం పనికిరాదు. పెడల్ లోపలికి దిగిపోతుంటే ఆ కారు నడపకండి.

6. దీపాలు, పొగ: ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే గ్యారేజీ దాకా పోదామనుకోకుండా ఇంజిను ఆపేయండి. పసుపు చెక్ ఇంజిన్ దీపం నిలకడగా ఉంటే త్వరలో చూపించండి, మిణుకుమిణుకుమంటే నెమ్మదిగా పక్కకు ఆపండి. నీలం పొగ అంటే ఆయిల్, నల్ల పొగ అంటే పెట్రోలు ఎక్కువగా కాలుతోందని. ఆగకుండా వచ్చే తెల్ల పొగకు తియ్యటి వాసన ఉంటే కూలెంట్ ఇంజిన్‌లోకి పోతున్నట్టు.

ముల్లు ఎర్ర గీత వైపు వెళుతుంటే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ పూర్తిగా పెట్టండి. అది ఇంజిను వేడిని కొంత బయటికి లాగుతుంది. వెంటనే కుడివైపు సురక్షితమైన చోట ఆగండి. ఇంజిను పూర్తిగా చల్లారేదాకా మూత తీయకండి. అత్యవసరమైతే 112 కు ఫోన్ చేయండి. సాల్మీ రోడ్డుకో, 2019లో ప్రారంభమైన షేక్ జాబర్ వంతెన మీదుగా సుబియాకో వెళ్లేటప్పుడు మనిషికి రెండు సీసాల చొప్పున నీళ్లు వేరుగా పెట్టుకోండి. అవి రేడియేటర్‌కి కాదు, పిల్లలకి!

ఆ రోజు రాయచోటి అన్న మమ్మల్ని ఇంటి దాకా దింపాడు. టీ తాగి వెళ్లమంటే, "మా ఖఫీల్ ఎదురు చూస్తాంటాడు" అని నవ్వుతూ వెళ్లిపోయాడు. మన ఊళ్ల నుంచి వచ్చిన ఇలాంటి డ్రైవరన్నలు కువైట్‌లో ఎందరో ఉన్నారు. రోజంతా ఈ రోడ్ల మీదే గడిపేవాళ్లు. కారులో కొత్త శబ్దం వినిపిస్తే, మొహమాటపడకుండా ఒకసారి వాళ్లను అడిగి చూడండి.